రెండో దెబ్బ

ప్రత్యర్థిని నియమాలకు లోబడి కొట్టడం, పడదోయడం లేదా కదలకుండా పట్టి ఉంచడం లక్ష్యంగా సాగే ఆటలను పోరాట క్రీడలు అంటారు. బాక్సింగ్, కుస్తీ, జూడో, కరాటే, తైక్వాండో, కిక్‌బాక్సింగ్, వీటన్నిటినీ కలగలిపిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఈ కోవలోకి వస్తాయి. క్రికెట్‌లోనో వాలీబాల్‌లోనో గాయం ఆట పక్కన పొంచి ఉండే ప్రమాదం. పోరాట క్రీడలలో దెబ్బకే పాయింట్లు పడతాయి కనుక గాయాన్ని ఆట నుంచి పూర్తిగా విడదీయడం ఎవరివల్లా కాదు. అయినా క్రీడావైద్యులు ఎన్నో దశాబ్దాలుగా సేకరించిన వివరాలను కలిపి చదివితే, క్రీడాకారుని జీవితాంతం వెంటాడే నష్టంలో పెద్ద భాగం మొదటి దెబ్బ వల్ల కాక, అది మానకముందే అదే చోట పడే రెండో దెబ్బ వల్ల కలుగుతున్నదని తెలుస్తుంది. మొదటి దెబ్బ ఆటలో భాగంగా తగులుతుంది. రెండోది తగలడానికి మాత్రం గాయపడిన మనిషిని మళ్ళీ బరిలోకి దింపే నిర్ణయం ఎవరో ఒకరు తీసుకుని ఉండాలి.

ఒలింపిక్ క్రీడలు జరిగిన ప్రతిసారీ అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ప్రతి జట్టు వైద్యుని నుంచీ గాయాల వివరాలు సేకరించి ప్రకటించే పద్ధతి 2008 బీజింగ్ క్రీడలతో మొదలైంది. 2012 లండన్ క్రీడలలో పాల్గొన్న మొత్తం క్రీడాకారులలో గాయపడినవారు సుమారు 11 శాతం కాగా, తైక్వాండోలో ఆ సంఖ్య 39 శాతానికి చేరి అన్ని ఆటలనూ మించిపోయింది. 2016 రియోలో బాక్సర్లలో 30 శాతం, తైక్వాండో క్రీడాకారులలో 24 శాతం గాయపడ్డారు. 2021లో జరిగిన టోక్యో క్రీడలలో బాక్సింగ్‌లో 27 శాతం, అక్కడ మొదటిసారి ప్రవేశించిన కరాటేలో 19 శాతం మంది దెబ్బతిన్నారు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌పై అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చిన 2014 నాటి సమీక్ష, ఒక్కొక్క క్రీడాకారుడు బరిలోకి దిగిన సందర్భాన్ని ఒకటిగా లెక్కిస్తే అలాంటి వెయ్యి సందర్భాలకు సుమారు 229 గాయాలు నమోదయ్యాయని తేల్చింది. ఈ అంకెలలో కమిలిన కాలి నుంచి విరిగిన దవడ వరకు అన్నీ ఒకే వరుసలో కలిసిపోయి ఉంటాయి కాబట్టి, శాతాన్ని చూసి భయపడడం కంటే దెబ్బ శరీరంలో ఎక్కడ తగిలింది, లోపల ఏమి జరిగింది, మానడానికి ఎంత కాలం పడుతుంది అన్న ప్రశ్నలను విడివిడిగా పరిశీలించడం మేలు.

ఆ ప్రశ్నలు ఒలింపిక్ బరికే పరిమితమైనవి కావు. సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం మీద జనగామకూ కాజీపేటకూ నడుమ ఉన్న స్టేషన్ ఘన్‌పూర్ వంటి చిన్న పట్టణంలో వీటి అవసరం ఇంకా ఎక్కువ. 2016 జిల్లాల పునర్విభజన వరకు వరంగల్ జిల్లాలోనూ, ఆ తరువాత జనగామ జిల్లాలోనూ ఉన్న ఈ మండల కేంద్రం వంటి చోట్ల పిల్లలకు పోరాట విద్య పరిచయమయ్యేది చాలావరకు బడి మైదానంలోనే. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ పేరుతో మూడు నెలల శిక్షణ ఇచ్చే పథకం ఉన్నది. ప్రైవేటు బడులలో సాయంత్రపు కరాటే తరగతులు, బెల్టు పరీక్షలు, మండల, జిల్లా స్థాయి పోటీలు తెలంగాణ అంతటా మామూలైపోయాయి. ఒలింపిక్ బరి పక్కన వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, స్ట్రెచరు సిద్ధంగా ఉంటారు. బడి మైదానంలో ఉండేది వ్యాయామ ఉపాధ్యాయుడు, అంటే పిల్లలు పీఈటీ సారు అని పిలిచే ఒక్క మనిషి. దెబ్బ తగిలిన పిల్ల మళ్ళీ ఎప్పుడు ఆడాలో తేల్చవలసిన భారం అతని మీదా, ఆ పిల్ల తల్లిదండ్రుల మీదా పడుతుంది.

ఏ ఆట ఏ అవయవాన్ని ఎక్కువగా దెబ్బతీస్తుందో ఆ ఆట నియమాలే నిర్ణయిస్తాయి. కరాటేలో ఇద్దరు ఎదురెదురుగా తలపడే కుమితేలో ముఖం మీదికి విసిరే పిడికిలిని చర్మాన్ని తాకీ తాకకుండా ఆపుకోవాలన్నది నియమం. ఆ అదుపు ఒక్క అంగుళం తప్పినా ముక్కు, పెదవి, కనుబొమ చిట్లుతాయి కాబట్టి కరాటే గాయాలలో ముఖానివే ఎక్కువ. క్రొయేషియాలో పాత, కొత్త నిబంధనల కింద జరిగిన పోటీలను పోల్చి చూసిన పరిశోధకులు, తలకు తగిలే దెబ్బల విషయంలో శిక్షలు కఠినమయ్యాక గాయాలు తగ్గాయని గమనించారు. గాయాన్ని తగ్గించడానికి ఖరీదైన పరికరాలకంటే ముందు న్యాయనిర్ణేత విజిల్ పనికొస్తుందనడానికి ఇది గట్టి సాక్ష్యం. తైక్వాండోలో పాయింట్లలో ఎక్కువ భాగం కాలితోనే వస్తాయి. వేగంగా తిప్పి కొట్టిన కాలి పైభాగం ప్రత్యర్థి మోచేతికో మోకాలికో తగిలినప్పుడు, కొట్టించుకున్నవారి కంటే కొట్టినవారే పాదం కమిలి కుంటుతూ బయటికి రావడం ఆ ఆటలో తరచుగా కనిపిస్తుంది. జూడోలో పట్టు కోసం ఎదుటివారి అంగీని గుంజే వేళ్ళు, విసిరివేసినప్పుడు నేలను తాకే భుజం, మెలితిరిగే మోకాలు ముందుగా దెబ్బతింటాయి. కుస్తీలో చెవికి పదేపదే రాపిడి తగిలి, చెవి మృదులాస్థికీ దానిమీది పొరకూ మధ్య రక్తం చేరి గడ్డకడుతుంది. మృదులాస్థికి పోషణ అందించేది ఆ పొరే కనుక, రక్తాన్ని త్వరగా తీయించి చెవిని అదిమి కట్టకపోతే అది ముడుచుకుపోయి శాశ్వతంగా వికారమవుతుంది. రోమ్ నగరంలో 1885లో తవ్వకాలలో బయటపడిన ప్రాచీన కంచు బాక్సరు విగ్రహానికి శిల్పి సరిగ్గా అలాంటి చెవులనే మలిచాడంటే, ఈ గాయం ఎంత పాతదో తెలుస్తుంది. ఒకే చాప మీద ఒకరి ఒంటికి ఒకరి ఒళ్ళు రాసుకోవడం వల్ల తామర వంటి చర్మవ్యాధులు కూడా మల్లయోధులలో సులువుగా పాకుతాయి.

వీటన్నిటిలోనూ ఎక్కువ జాగ్రత్తగా అర్థం చేసుకోవలసింది తలకు తగిలే దెబ్బ. మెదడు పుర్రెకు అతుక్కుని ఉండదు, మస్తిష్కమేరు ద్రవంలో తేలుతూ ఉంటుంది. ఎండిన కొబ్బరికాయను ఊపితే లోపల విడిపోయిన కుడుక కదిలినట్లు, తల ఒక్కసారిగా ఊగినప్పుడు పుర్రె ఆగిన తరువాత కూడా మెదడు కదులుతూనే ఉంటుంది. నేరుగా ఎదురుగా తగిలిన దెబ్బ కంటే గడ్డం పక్కన తగిలి తలను గిరుక్కున తిప్పే దెబ్బ ఎక్కువ అపాయకరం. మెత్తని మెదడు మెలితిరిగినప్పుడు అందులోని పొడవైన నాడీతంతువులు సాగుతాయి. ఆ సాగుడు వల్ల నాడీకణాల పొరలు అదుపు తప్పి, లోపల ఉండవలసిన పొటాషియం బయటికి, బయట ఉండవలసిన కాల్షియం లోపలికి పారుతాయి. ఆ అస్తవ్యస్తాన్ని సరిచేసుకోవడానికి కణాలకు మామూలు కంటే ఎక్కువ శక్తి కావలసి వస్తుంది, సరిగ్గా అదే సమయంలో మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. వైద్యులు కంకషన్ అని పిలిచే స్థితి ఇదే. ఇది కణాల పనితీరులో వచ్చిన లోపం కాబట్టి మామూలు సి.టి. స్కాన్‌లో ఏమీ కనిపించదు. స్పృహ తప్పితేనే తలకు దెబ్బ తగిలినట్లు అనుకోవడం మన దగ్గర బలంగా ఉన్న అపోహ. కంకషన్ కలిగిన పదిమందిలో తొమ్మిదిమందికి స్పృహ తప్పనే తప్పదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వెలుతురు భరించలేకపోవడం, అడిగినదానికి ఆలస్యంగా జవాబివ్వడం, ఏ రౌండు నడుస్తున్నదో మరిచిపోవడం, కారణం లేకుండా చిరాకు పడడం దీని గుర్తులు.

పెద్దవారిలో ఈ లోపం చాలావరకు రెండు వారాలలో, పిల్లలలో నాలుగు వారాల వరకు సమయం తీసుకుని సర్దుకుంటుంది. ఆ గడువు లోపల తగిలే మరో దెబ్బ, అది చిన్నదే అయినా, శక్తి కరువైన కణాల మీద పడుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి మరణాన్ని పరిశీలించి 1984లో ఇద్దరు వైద్యులు ప్రచురించిన వ్యాసం తరువాత ఈ పరిస్థితికి రెండో ఘాతపు లక్షణసముదాయం అన్న అర్థం వచ్చే పేరు స్థిరపడింది. మొదటి దెబ్బ లక్షణాలు తగ్గకముందే ఆడిన యువకులలో, స్వల్పమైన రెండో దెబ్బకే మెదడు రక్తనాళాలు అదుపు తప్పి, మెదడు నిమిషాలలో వాచి, ప్రాణం పోయిన ఉదంతాలు అందులోనూ ఆ తరువాతా నమోదయ్యాయి. ఇది అరుదైనది, దీని కచ్చితమైన యంత్రాంగంపై శాస్త్రజ్ఞుల మధ్య వాదాలూ ఉన్నాయి. అయితే లక్షణాలు తగ్గనివారిని ఆడించకూడదన్న విషయంలో మాత్రం ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు.

జపాన్ అనుభవం బడులకు సంబంధించినది కనుక ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జూడో పుట్టిన ఆ దేశంలోనే, 1983 తరువాతి మూడు దశాబ్దాలలో వందమందికి పైగా విద్యార్థులు బడి జూడోలో మరణించినట్లు అక్కడి పరిశోధకులు లెక్కతీసినప్పుడు దేశమంతా కలవరపడింది. మరణాలలో ఎక్కువ భాగానికి కారణం మెదడును కప్పి ఉంచే దట్టమైన పొర కింద రక్తం చేరడం. మెదడు నుంచి ఆ పొరలోకి సన్నని సిరలు వంతెనల్లా వెళతాయి. వెనక్కి పడినప్పుడు తల నేలకు తగలకపోయినా, బలంగా విదిలినంత మాత్రాన అవి తెగవచ్చు. కాలిని వెనక నుంచి కోసినట్లు కొట్టి ఎదుటివారిని వెల్లకిలా పడదోసే ఓసోతో–గారి పట్టులో, పడడం ఇంకా నేర్వని కొత్త విద్యార్థులు ఎక్కువగా బలయ్యారు. జూడోలో ఉకెమి అనే పాఠం ఒకటి ఉన్నది. గడ్డాన్ని రొమ్ముకు ఆనించి, చేత్తో నేలను చరిచి, పడే వేగాన్ని ఒళ్ళంతా పంచుకోవడం దాని సారం. ఎదుటివారిని పడగొట్టడం నేర్పే ముందు నెలల తరబడి పడడం నేర్పాలన్న పాత గురువుల పట్టుదల వెనుక ఎంత లోతైన శరీరజ్ఞానం ఉన్నదో ఈ మరణాల వల్ల లోకానికి మళ్ళీ తెలిసివచ్చింది. మూడు నెలల శిక్షణలో ఏమి నేర్పాలో ఎంచుకునే మన బడులు మొదటి నెలంతా పడడానికే కేటాయిస్తే ఎంతో మేలు జరుగుతుంది.

ఇవి ఒక్కసారిగా ముంచుకొచ్చే అపాయాలు. నెమ్మదిగా పేరుకునే హాని మరొకటి ఉన్నది. దెబ్బలు తిని తిని తూలుతూ, తడబడుతూ మాట్లాడే బాక్సర్ల గురించి అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. 1973లో బ్రిటన్‌కు చెందిన కోర్సెలిస్ బృందం 15 మంది మాజీ బాక్సర్ల మెదళ్ళను మరణానంతరం పరీక్షించి, వాటిలోని ప్రత్యేకమైన మార్పులను వర్ణించింది. నాడీతంతువులను నిలబెట్టే టావ్ అనే మాంసకృత్తు ముడులు పడి పేరుకుపోయే ఈ జబ్బును ఇప్పుడు దీర్ఘకాలిక ఆఘాత మస్తిష్క వ్యాధిగా గుర్తిస్తున్నారు. బతికి ఉండగా దీన్ని కచ్చితంగా నిర్ధారించే పరీక్ష ఇంకా రాలేదు. కంకషన్ స్థాయికి రాని చిన్న చిన్న దెబ్బలు ఏళ్ళ తరబడి కూడడం దీనికి మూలమని భావిస్తున్నారు కాబట్టి, పోటీల కంటే రోజువారీ సాధనలో ఎన్నిసార్లు తలకు దెబ్బ తగులుతున్నదన్నదే ముఖ్యం. తలకు తొడిగే కవచం దీన్ని ఆపుతుందన్న నమ్మకం సరికాదు. కవచం చర్మం చిట్లకుండా కాపాడగలదు గాని, లోపల మెదడు మెలితిరగడాన్ని ఆపలేదు. అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం 2013లో పురుషుల పోటీలలో కవచాన్ని తీసివేసిన తరువాత ముఖం మీద కోతలు పెరిగిన మాట నిజమే. మహిళలకు మాత్రం అది కొనసాగింది. పళ్ళ మధ్య పెట్టుకునే గార్డు పళ్ళనూ పెదవులనూ కాపాడుతుంది. ఊడిన పన్నును వేరు ముట్టకుండా పట్టుకుని, అదే రంధ్రంలో వెంటనే పెట్టడమో, లేకపోతే పాలలో వేసి గంటలోపు దంతవైద్యునికి చేర్చడమో చేస్తే అది తిరిగి అతుక్కునే అవకాశం ఉన్నదని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

తల తరువాత రెండో దెబ్బను ఏమాత్రం తట్టుకోలేనివి కీళ్ళు. దీనికి నిజామాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు బాక్సర్ల జీవితాలే ఉదాహరణ. 2011లో తుర్కియేలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్‌కు 2017లో భుజం కీలు తప్పి, శస్త్రచికిత్స అవసరమై, సుమారు ఏడాదిపాటు బరికి దూరంగా ఉండవలసి వచ్చింది. భుజం కీలులోని గుంట చాలా లోతు తక్కువది. చేతిని అన్ని దిక్కులకూ తిప్పగలిగే స్వేచ్ఛకు ప్రతిగా శరీరం చెల్లించే మూల్యం ఆ లోతులేమి. గుంట అంచు చుట్టూ ఉండే మృదులాస్థి వలయమే చేతి ఎముక గుండ్రని తలను నిలబెడుతుంది. కీలు ఒకసారి తప్పినప్పుడు ఆ వలయం చిరిగిపోతుంది. పైకి నొప్పి తగ్గినా చిరుగు మిగిలి ఉంటుంది కాబట్టి, ఇరవై ఏళ్ళ లోపు మొదటిసారి కీలు తప్పి సరైన చికిత్స పొందనివారిలో సగానికి పైగా మందికి అది మళ్ళీ తప్పుతుంది. నిఖత్ ఆ ఏడాదిని ఓపికగా గడిపి తిరిగివచ్చారు. 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో న్యూఢిల్లీలోనూ ప్రపంచ విజేతగా నిలిచారు. ఆ విజయాల వార్తల్లో భుజం గురించి ఒక్క వాక్యం కూడా అరుదుగానే కనిపిస్తుంది. నిజానికి ఆ పతకాల వెనుక కథలో సగం ఆ ఏడాదిదే.

నిజామాబాద్‌లోనే తండ్రి సంసముద్దీన్ వద్ద బాక్సింగ్ నేర్చిన మొహమ్మద్ హుసాముద్దీన్‌ది మరో పాఠం. 2023 మే నెలలో తాష్కెంట్‌లో జరిగిన పురుషుల ప్రపంచ పోటీలలో 57 కిలోల విభాగంలో సెమీఫైనల్ చేరిన అతను, క్వార్టర్ ఫైనల్‌లో మోకాలికి తగిలిన గాయం వల్ల క్యూబా బాక్సర్‌తో జరగవలసిన పోరు నుంచి తప్పుకుని కాంస్యంతో సరిపెట్టుకున్నారు. ప్రపంచ పోటీల ఫైనల్ ఒక్క అడుగు దూరంలో ఉండగా వాచిన మోకాలితో బరిలోకి దిగకుండా ఆగడానికి, దిగడానికి కావలసినదానికంటే ఎక్కువ గుండెనిబ్బరం కావాలి. కుస్తీ యోధురాలు వినేశ్ ఫోగాట్ 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలి గాయంతో స్ట్రెచరు మీద బయటికి రావడం దేశమంతా చూసింది.

మోకాలి మధ్యలో తొడ ఎముకనూ కాలి ఎముకనూ అడ్డంగా పెనవేసుకుని కలిపే రెండు పట్టీల వంటి కట్లు ఉంటాయి. వాటిని లిగమెంట్లు అంటారు. ముందు వైపు దాన్ని క్రీడాకారులు మూడు ఇంగ్లీషు అక్షరాలతో ఏసీఎల్ అని పిలుస్తారు. పాదం నేలకు అతుక్కుని ఉండగా ఒళ్ళు తిరిగినప్పుడు అది తెగుతుంది. తెగిన క్షణంలో టక్కుమన్న చప్పుడు, కొద్ది గంటలలోనే మోకాలు ఉబ్బిపోవడం దాని గుర్తులు. ఇది తనంత తాను సరిగా అతుక్కునేది కాదు కాబట్టి తొడ వెనుక నుంచో మోకాలి చిప్ప కింది నుంచో తీసిన స్నాయువుతో వైద్యులు కొత్త కట్టు నిర్మిస్తారు. ఆ కొత్త కట్టుకు రక్తనాళాలు చేరి, అది బలం పుంజుకోవడానికి నెలలు పడుతుంది. శస్త్రచికిత్స జరిగిన తరువాత తొమ్మిది నెలల వరకు, ఆటకు తిరిగిరావడాన్ని ఒక్కొక్క నెల వాయిదా వేసినకొద్దీ మళ్ళీ గాయపడే అవకాశం సగానికి సగం తగ్గిందని 2016లో ప్రచురితమైన ఓస్లో, డెలవేర్ పరిశోధకుల అధ్యయనం తేల్చింది. దూకుతూ, మలుపులు తిరుగుతూ ఆడే ఆటలలో అమ్మాయిలకు ఈ గాయం అబ్బాయిలకంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా కలుగుతుంది. దూకి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా చూసుకునే వ్యాయామాలను రోజూ చేయిస్తే ఇది గణనీయంగా తగ్గుతుంది.

పిల్లల ఎముకలు పెద్దవారి ఎముకలకు చిన్న నమూనాలు కావు. వాటి కొసల దగ్గర ఎదుగుదల జరిగే మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. అమ్మాయిలలో సుమారు పదిహేనేళ్ళకు, అబ్బాయిలలో పదిహేడేళ్ళకు అది గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. అప్పటివరకు కీలు చుట్టూ ఉండే కట్ల కంటే ఆ పొరే బలహీనమైనది కావడం వల్ల, పెద్దవారికి బెణుకు కలిగించే దెబ్బ పిల్లలకు ఆ పొరను విరుస్తుంది. పైకి చూస్తే రెండూ ఒకేలా వాస్తాయి. సాల్టర్, హారిస్ అనే టొరంటో వైద్యులు 1963లో ఈ పగుళ్ళను ఐదు రకాలుగా విభజించారు, నేటికీ ఎముకల వైద్యులు ఆ వర్గీకరణనే వాడతారు. పట్టించుకోకుండా వదిలేస్తే ఆ ఎముక ఎదగడం ఆగిపోవచ్చు లేదా వంకరగా ఎదగవచ్చు. చెయ్యి చాచి పడినప్పుడు మణికట్టులో విరిగే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకది ఇంకో చిక్కు. దానికి రక్తం అవతలి కొస నుంచి వస్తుంది కాబట్టి విరిగిన ముక్కకు పోషణ తెగి అది చచ్చిపోవచ్చు, పైగా మొదటి రోజు ఎక్స్‌రేలో ఆ పగులు కనిపించకపోవచ్చు. బొటనవేలి మొదట్లో నొక్కితే నొప్పి ఉన్నవారికి కట్టు వేసి, పది పద్నాలుగు రోజుల తరువాత మళ్ళీ ఎక్స్‌రే తీయడం అందుకే. ఈ దృష్టితో చూసినప్పుడు, కరాటే ప్రదర్శనలలో చిన్నపిల్లల చేత పెంకులు పగలగొట్టించడం, ఒంటిమీద బండలు పెట్టి సుత్తితో కొట్టడం ఏ శిక్షణ ప్రయోజనమూ లేనివి. చప్పట్ల కోసం ఎదిగే ఎముకలను పణంగా పెట్టే ఆ అలవాటును మానుకోవలసిందే.

బెణికిన చోట పసుపు, సున్నం పట్టువేయడం, గట్టిగా మర్దన చేయించడం, ఎముక విరిగితే వెదురు బద్దలతో బిగించే పుత్తూరు కట్టు వేయించడం తెలుగు నాట తరతరాలుగా వస్తున్నవే. డబ్బు, దూరం, ఆసుపత్రి భయం కలిసి జనాన్ని అటు నడిపిస్తాయి, వారిని తప్పుపట్టవలసిన పనిలేదు. అయితే విరిగిన చోట గంటగంటకూ వాపు పెరుగుతుందన్న శరీరధర్మాన్ని మాత్రం మరవకూడదు. బిగించిన వెదురు బద్దల మధ్య వాపుకు చోటు లేక లోపలి ఒత్తిడి పెరిగి, రక్తం ఆగి, సుమారు ఆరు గంటలలో కండరాలు కోలుకోలేని స్థితికి చేరతాయి. చేతివేళ్ళు కొక్కేల్లా ముడుచుకుపోయే ఈ వైకల్యాన్ని జర్మనీ శస్త్రవైద్యుడు ఫోల్క్‌మన్ 1881లోనే వివరించాడు. కట్టు వేసిన తరువాత వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్ళను సాగదీస్తే భరించరాని నొప్పి కలిగినా, ఎవరు వేసిన కట్టయినా వెంటనే విప్పించాలి. తాజాగా వాచిన చోట మర్దన చేయడం కూడా లోపలి రక్తస్రావాన్ని పెంచేదే. విశ్రాంతి, మంచు, ఒత్తిడి కట్టు, ఎత్తులో పెట్టడం అన్న నాలుగు సూత్రాలను 1978లో ప్రచారంలోకి తెచ్చిన గేబ్ మిర్కిన్ అనే అమెరికా వైద్యుడే, పూర్తి విశ్రాంతీ అదేపనిగా మంచూ మానుదలను ఆలస్యం చేయవచ్చని 2014లో తన మాటను సవరించుకున్నాడు. మొదటి రెండు మూడు రోజులు కాపాడుకుని, తరువాత నొప్పి అనుమతించినంత మేరకు మెల్లగా కదపడం ఇప్పటి వైద్యులు చెప్పే పద్ధతి.

బరువు తగ్గించుకునే తొందర కూడా గాయాల కోవలోకే వస్తుంది. తక్కువ బరువు విభాగంలో దిగడానికి నీళ్ళు మానేసి, గాలి చొరని దుస్తులు తొడుక్కుని వేడిలో కసరత్తు చేసి చెమట పట్టించే పద్ధతి వల్ల 1997 నవంబర్, డిసెంబర్ నెలలలో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు మరణించారు. ఆ తరువాత అక్కడ మూత్రం చిక్కదనాన్ని పరీక్షించి, ఒంట్లో నీరు చాలినంత ఉన్నవారినే తూకానికి అనుమతించే నియమం వచ్చింది. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగాట్ 100 గ్రాముల వల్ల ఫైనల్ కోల్పోయిన రోజు దేశమంతా ఆ అదనపు బరువు గురించే మాట్లాడింది. దాన్ని తగ్గించుకోవడానికి శరీరాన్ని ఎండబెట్టే పద్ధతిని గురించి కూడా అంతే మాట్లాడవలసింది. ఎదిగే పిల్లల చేత బరువు తగ్గించి పోటీకి దింపడం ఏ పరిస్థితిలోనూ సమర్థనీయం కాదు.

వీటిలో చాలావాటికి స్టేషన్ ఘన్‌పూర్‌లోనే జవాబున్నది. తలకు దెబ్బ తగిలిన పిల్ల పదేపదే వాంతి చేసుకున్నా, తలనొప్పి పెరుగుతున్నా, మత్తుగా పడిపోతున్నా, ఒక కంటిపాప పెద్దదై కనిపించినా, మూర్ఛ వచ్చినా, చేయి కాలు చచ్చుబడినా, మెడ నొప్పి అన్నా, కదిలించకుండా 108కు ఫోన్ చేసి, స్కాన్ చేయగల వరంగల్ ఎం.జి.ఎం. వంటి పెద్ద ఆసుపత్రికి చేర్చడానికి మైదానంలో వైద్యుడే ఉండనక్కరలేదు. ఆ గుర్తులేవీ లేకపోయినా ఆ రోజు ఆట ఆపించడం, మొదటి ఒకటి రెండు రోజులు చదువునూ ఫోనునూ తగ్గించి తేలికగా నడవనివ్వడం, ఆ తరువాత ఒక్కొక్క మెట్టుకు కనీసం ఒక రోజు చొప్పున నడక, పరుగు, ఒంటరి సాధన దాటించి, వైద్యుడు సరేనన్నాకే ఎదుటివారితో తలపడనివ్వడం 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన నిపుణులు ఖరారు చేసిన క్రమం. వైద్యులు కానివారి కోసం వారు తయారుచేసిన చిన్న గుర్తింపు పత్రాన్ని తెలుగులోకి తెచ్చి ప్రతి పీఈటీ సారు చేతిలో పెట్టడం జిల్లా విద్యాశాఖకు పెద్ద పని కాదు.

బాక్సింగ్‌లో మరో మంచి ఆచారం ఉన్నది. ప్రతి పోటీ బాక్సర్ వెంట ఒక రికార్డు పుస్తకం ఉంటుంది. తలకు దెబ్బ తగిలి ఓడినవారికి కనీసం 30 రోజులు, మూడు నెలలలో రెండుసార్లు అలా జరిగితే 90 రోజులు, ఏడాదిలో మూడుసార్లయితే ఏడాదిపాటు పోటీ నిషేధమని వైద్యుడు అందులో రాస్తాడు. తరువాతి పోటీలో ఆ పుస్తకం చూపకుండా గ్లవ్స్ తొడుక్కోవడం కుదరదు. కరాటేలో కూడా దెబ్బ తిని పడినవారు పది సెకండ్లలో లేవలేకపోతే ఆ పోటీలలో మళ్ళీ కుమితే ఆడనివ్వరు. మండల స్థాయిలో జరిగే కరాటే, తైక్వాండో, కుస్తీ, జూడో పోటీలకు ఇలాంటి నోటుపుస్తకం ఒక్కటి చాలు. అందులో పిల్ల పేరు, దెబ్బ తగిలిన తేదీ, తగిలిన చోటు, అప్పుడు కనిపించిన లక్షణాలు, తిరిగి ఆడవచ్చని చెప్పిన వైద్యుని సంతకం ఉండాలి. బడి మారినా, శిక్షకుడు మారినా ఆ పుస్తకం పిల్లతోపాటే వెళ్ళాలి. జనగామలోనో హన్మకొండలోనో జరిగే పోటీలో పేరు నమోదు చేసుకునే బల్ల దగ్గర, వయసు ధ్రువపత్రంతోపాటు దాన్ని కూడా తప్పనిసరిగా అడగాలి.